మందలు పెరిగినవట! మన చేలకు ఎరువేది?

గత మాసమున మన సంఘ సమావేశము ముగిసి అందఱును కాఫీ సేవించుచున్న వేళ ఒక పెద్దమనిషి లేవదీసిన వాదము నేటికిని మా మనస్సును విడువకున్నది. "చేలకు ఎరువు లేదు, నేల చచ్చిపోవుచున్నది అని మీరు వాపోవుచుందురు. లెక్కలు చూడుడు. దేశమున గొఱ్ఱెలును మేకలును నానాటికి పెరుగుచున్నవి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారి పట్టికలు 1961 నుండి ఉన్నవి. అందు గొఱ్ఱె మేకల ఎరువు గీత పైకే పోవుచున్నది. ఇక కొఱత యెక్కడిది?" అని ఆయన అడిగిరి. నలుగురు తల లూపిరి. మేమప్పుడు ఊరకుంటిమి. అంకెలు చేత లేక నోరు తెఱచుట వర్తకునకు తగదు. ఇప్పుడు అంకెలు చూచితిమి. ఆయన మాకు పెద్దలు, పూజ్యులు. అయినను చెప్పక తప్పదు. ఆయన చూపిన అంకెలు నిజము. వానినుండి ఆయన తీసిన మాట నిజము కాదు.

1951 నాటి పశుగణనలో దేశమున గొఱ్ఱెలు సుమారు 3 కోట్ల 91 లక్షలు, మేకలు 4 కోట్ల 72 లక్షలు. 2019 నాటి ఇరువదవ పశుగణనలో గొఱ్ఱెలు 7 కోట్ల 42 లక్షలు, మేకలు 14 కోట్ల 88 లక్షలు. రెండును కలిపి చూచిన రెండున్నర రెట్లు మించినవి. సాగుభూమి అంతగా పెరుగలేదు. కావున తలకింత పెంటికలని గుణించినచో ఎకరమునకు వచ్చు ఎరువు పెరిగినట్లే కనబడును. మన పెద్దమనిషి చేసినదియు, రోము నగరమున కూర్చున్న గణకులు చేసినదియు ఇదియే. పశువుల తలలెన్ని, ఒక్కొక్క తల సంవత్సరమునకు విసర్జించు నత్రజని యెంత, అందెన్ని పాళ్ళు చేలకు చేరును, ఎన్ని పాళ్ళు మేత బీళ్ళలోనే రాలిపోవును అని నిర్ణీతమైన గుణకములు పెట్టుకొని హెచ్చవేయుదురు. లోకమంతటికిని ఒక లెక్క కావలయునన్న మఱియొక దారి లేదు. వారిని మేము తప్పు పట్టము. కాని ఆ పట్టికలోని అంకె ఏ చేని గట్టునను నిలిచి ఎవరును తూచి వ్రాసినది కాదని ఎఱిగి మాటలాడవలెను. తలలు పెరిగిన గీత పెరుగును. ఆ పెంటికలు తిరుత్తణి వేరుశనగ చేనిలో రాలినవో, బస్సుల నిలయము ప్రక్క మురుగుకాలువలో రాలినవో ఆ గీతకు తెలియదు. మనకు తెలియును.

మన రాష్ట్రపు అంకెలు విడిగా చూచినచో సంగతి బయటపడును. తమిళనాట 2012లో గొఱ్ఱెలు సుమారు 48 లక్షలు; 2019లో 45 లక్షలు. తగ్గినవి. మేకలు 81 లక్షలనుండి సుమారు 99 లక్షలకు పెరిగినవి. మొత్తము చూచి సంతసించువారు ఈ మార్పును గమనింపరు. చేలలో రాత్రులు పండుకొని ఎరువు పెట్టునది ముఖ్యముగా గొఱ్ఱెల మంద. రెండు మూడు వందల తలలు ఒక కాపరి వెంట కదలును, ఒక్క చోట విశ్రమించును. అందు కొన్ని మేకలుండుట వేఱు సంగతి. మన ఊళ్ళలో పెరిగిన మేకయన్ననో ఇంటికి రెండు మూడు చొప్పున వాకిట గుంజకు కట్టబడిన మేక. 2011 సెప్టెంబరు 15వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి జయలలితగారు పేద కుటుంబములకు నాలుగేసి మేకలనో గొఱ్ఱెలనో ఉచితముగా ఇచ్చు పథకమును మన తిరువళ్ళూరు జిల్లాలోనే ప్రారంభించిరి. ఆ పథకమును మేము నిందింపము. దాని వలన పేద స్త్రీల చేతిలో నాలుగు రూకలు ఆడినవి. కాని నాలుగు మేకలు మంద కావు. వాని పెంటికలు ప్రతి ఉదయము చీపురుతో ఊడ్వబడి వీధి చెత్తలో కలియుచున్నవి. మూత్రము వాకిటి మట్టిలో ఇంకిపోవుచున్నది. నాలుగు గంపలు పోగైనను బండి కట్టి చేనికి తోలువారెవరు? పశువు పెరిగినది, మంద తరిగినది. మా వాదమునకు ఇదియే మూలము.

తెలంగాణమున గొఱ్ఱెలు మందలుగానే పెరిగినవి గదా యని ఎవరైన అందురేమో. నిజమే. 2017లో అచ్చటి ప్రభుత్వము ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినది. 2012లో 128 లక్షలుగా నున్న గొఱ్ఱెలు 2019 నాటికి 191 లక్షలైనవి. అయితే ఆ పథకమును గూర్చి మేము చదివినదంతయు మాంసమును గూర్చియే. ఎరువును గూర్చి ఒక్క మాట మా కంటబడలేదు.

మంద కట్టుట యనగా నేమో నేటి మన పిల్లలకు తెలియదు కనుక కొంచెము విస్తరించి చెప్పెదము. సంక్రాంతి కోతలు ముగిసి చేలు బీడుపడిన పిమ్మట, ఆడి మాసమున వేరుశనగ విత్తుటకు ముందు, ఐదాఱు మాసముల ఎడము ఉండెడిది. ఆ ఎడములో కాపరులు మందలు తోలుకొని వచ్చెడివారు. మన ప్రాంతపు మద్రాసు ఎఱ్ఱ గొఱ్ఱెలు కొన్ని, ఉత్తరమునుండి వచ్చు నెల్లూరు జోడిపి గొఱ్ఱెలు కొన్ని. పగలు కొయ్యకాళ్ళు, గట్ల మీది గడ్డి, రాలిన తుమ్మకాయలు మేసి, సాయంకాలము చేనిలో దిగెడివి. చుట్టును తడికెలు నాటెడివారు. గొఱ్ఱెలు రాత్రియంతయు అచ్చటనే పండుకొని నెమరు వేసెడివి. తెల్లవాఱుసరికి నేల నల్లబడి యుండెడిది. మఱునాడు తడికెలు పెఱికి ప్రక్క చెక్కకు జరుపుదురు. ఇట్లు పది పదునైదు రాత్రులలో ఒక చేను ముగియును. పెంటికలు ఎండి పొడియై పోకమునుపే రైతు పైపైన దున్ని మట్టిలో కలిపెడివాడు. కాపరికి రాత్రికింత యని ధాన్యము. ఇంటినుండి సంగటి, పులుసు, ఆకువక్క. మా బాల్యమున మా యింటి అరుగు మీద గొంగళి పఱచుకొని కూర్చుండెడి కాపరి తాత యొకడు చేతికఱ్ఱతో నల్లని చెక్కను చూపి, "అయ్యా, ఇక్కడ మూడేండ్లు ఇంకేమీ వేయొద్దు" అనెడివాడు. మూడేండ్లనుట కొంత అతిశయోక్తి. రెండు పంటలవఱకు ఆ తేడా కంటికి కనబడెడిదని మాత్రము మేమెఱుగుదుము.

శాస్త్రజ్ఞులు చెప్పు ప్రకారము మామూలు దిబ్బ ఎరువులో నత్రజని నూటికి అర పాలు. గొఱ్ఱె మేకల ఎరువులో నత్రజని నూటికి మూడు పాళ్ళు, భాస్వరము ఒక పాలు, పొటాషు రెండు పాళ్ళు. అనగా ఒక టన్ను ఎండిన పెంటికలలో 30 కిలోల నత్రజని; ఒకటిన్నర బస్తా యూరియాలో నున్నంత. భాస్వరము, పొటాషు పైకొసరు. పెద్ద గొఱ్ఱె రాత్రికి సుమారు అర కిలో పెంటికలు వేయునని అనుకొందము. రెండువందల గొఱ్ఱెలు పది రాత్రులు పండుకొన్న వెయ్యి కిలోలు. సగము తేమ క్రింద తీసివేసినను అర టన్ను మిగులును. ఇక మూత్రము సంగతి. పశువు విసర్జించు నత్రజనిలో సుమారు సగము మూత్రములోనే పోవును. దొడ్డి ఊడ్చి తెచ్చిన ఎరువునకు ఆ భాగము దక్కదు. మంద కట్టిన చేనికి అదియు దక్కును. ఎత్తుడు కూలి లేదు, బండి బాడుగ లేదు, దింపుడు కూలి లేదు. తన కాళ్ళతో తాను నడచి వచ్చి దిగుమతియగు సరకు మా వర్తకములో మేమెన్నడు చూచి యెఱుగము!

ఇది మన నాటి మోటు ఆచారమని తలచువారికి ఒక మాట. ఇంగ్లండు దక్షిణమున సున్నపు గుట్టల సీమలో పందొమ్మిదవ శతాబ్దమువఱకు గొఱ్ఱెలను పగలు గుట్టల మీద మేపి, రాత్రి దున్నిన చేలలో మంద కట్టెడివారు. ఉన్నితో సమానముగా ఈ ప్రయోజనము కొఱకే వానిని పెంచిరి. గొఱ్ఱె డెక్క బంగారు డెక్క యని అచ్చట నానుడి. అదే దేశమున రోథాంస్టెడ్ అను చోట 1843 నుండి నేటివఱకు ఎరువుల పరీక్షలు జరుగుచున్నవి. అందు యవలు పండించు ఒక చేనిలో 1852 నుండి 1871 వఱకు ఏటేట పశువుల ఎరువు వేసి, తరువాత మానివేసిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట పరీక్షించినను ఆ చెక్క మట్టిలోని జీవపదార్థము ఎరువు చూడని ప్రక్క చెక్కకంటె హెచ్చుగానే ఉన్నది. మనది ఉష్ణదేశము. మన మట్టిలో ఆ పదార్థము అంత కాలము నిలువదు; కనుకనే మనకు మాటిమాటికి ఎరువు కావలయును. మన రాష్ట్రమున కోయంబత్తూరులో 1909లోను, దేశమందలి పలు చోట్ల 1970 ప్రాంతమునను మొదలైన దీర్ఘకాలిక పరీక్షలు కూడ ఇదే చెప్పుచున్నవి: యూరియా ఒక్కటే వేసిన మళ్ళలో దిగుబడి కాలక్రమమున పడిపోవుచుండ, రసాయనములతోబాటు పశువుల ఎరువు పడిన మళ్ళలో నిలకడగా నున్నది.

ఇంత దూరము పోనేల? మన ఎఱ్ఱ నేలలనే చూడుడు. పళ్ళిపట్టు వైపునను, ఆర్.కె.పేట వైపునను వేరుశనగ పీకునపుడు నేల గట్టిపడి తీగ పైకి వచ్చి కాయ లోపలనే తెగిపోవుచున్నదని ఎన్ని ఇండ్లలో వినుట లేదు? తిరిగి త్రవ్వి ఏఱుటకు కూలి గిట్టదు. ఒక్క వాన పడి ఎండ కాసిన చాలు, పైన పెచ్చు కట్టుచున్నది. ఆ పెచ్చును విఱుచునది యూరియా కాదు.

ఈ సందర్భమున మా సంగతి దాచుట న్యాయము కాదు. మేము ఎరువుల వర్తకులము. బస్తాలు అమ్మి బ్రదుకుచున్నాము. దేశమున మొట్టమొదటి సూపర్ ఫాస్ఫేటు కర్మాగారము 1906లో వెలసినది మనకు కూతవేటు దూరమునగల రాణిపేటలోనే. మణలి కర్మాగారమునుండి 1971లో యూరియా రాసాగినది. 1950-51లో దేశమంతయు కలిసి వాడిన రసాయన పోషకములు సుమారు 70 వేల టన్నులు. 2020-21లో 3 కోట్ల 25 లక్షల టన్నులు. ఆ బస్తా రాకున్న మన జనమునకు బియ్యము దొరకకపోయెడిదని మేము నమ్ముదుము. బస్తాతో మాకు వైరము లేదు. కాని 45 కిలోల బస్తా, వేపపూత ఖర్చును పన్నును గాక, 242 రూపాయలకే దొరకుచున్నది. దాని అసలు ఖరీదు ఎన్నో రెట్లు. మిగిలినది ప్రభుత్వ ధనము. 2010లో పోషకముల వారీగా సబ్సిడీ పద్ధతి వచ్చినపుడు యూరియాను మాత్రము దానినుండి తప్పించిరి. కావున రైతు యూరియానే క్రుమ్మరించుచున్నాడు. మా అంగడికి వచ్చి "ఇంకొక రెండు బస్తాలు వేసెదను, పైరు పచ్చబడలేదు" అను రైతునకు "వద్దు" అని చెప్పిన దినములు మాకు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవి. ఈ వ్రాతలో మేము ఎవరిని నిందించినను ఆ నిందలో మా పాలు మేము తీసికొనియే వ్రాయుచున్నాము.

మంద ఏల పోయినది? కాపరి సోమరియై పోయినాడని మన ఇండ్లలో చెప్పుకొందురు. ఇంత అన్యాయపు మాట మఱియొకటి లేదు. గొట్టపు బావులు త్రవ్వి మూడు పంటలు పెట్టినవారము మనము. మంద దిగుటకు బీడు లేకుండ చేసినది ఆ మూడవ పంట. మామిడి తోపు నాటి ముళ్ళతీగ చుట్టినవారము మనము. మేత పోరంబోకు అంచున రెండు గజములు, మూడు గజములు అని జరుపుకొనుచు పోయినవారము మనము. ఇది సంఘ పత్రికలో వ్రాయుట కొందఱకు రుచింపదు. కాని ఊరి పటము విప్పి చూచుకొనుడు. చిన్నవారిని చూచి పెద్దవారు నేర్చిరో, పెద్దవారిని చూచి చిన్నవారు నేర్చిరో గాని, మన జిల్లాలోనే గుమ్మిడిపూండి వైపు తేర్వాయి కండిగలో 1,100 ఎకరములకు పైగా మేతభూమి సిప్కాట్ పరిశ్రమల పేటకు పోయినది. ఆ ఊరి పేదలు ఎంతో కాలము మొఱపెట్టుకొనిరి. ఊరుమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించవలెనని 2011 జనవరిలో సుప్రీముకోర్టు పంజాబునకు చెందిన ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పి, అన్ని రాష్ట్రములకును ఆజ్ఞ చేసినది. ఆ తీర్పు చేతబట్టుకొని తాలూకా కచేరికి పోయిన మన సంఘ సభ్యుడు ఒక్కడైన ఉన్నాడా? పోయిన మొదట ఎవరి గట్టు కొలువవలసి వచ్చునో మనకు తెలియును.

కాపరికి మనమిచ్చిన మర్యాద యెట్టిది? పూర్వము అరుగు మీద చోటిచ్చితిమి. నేడు కుళాయి నీటికి గేటు తీయుటకు వెనుదీయుచున్నాము. రాత్రివేళ వాహనములలో వచ్చి గొఱ్ఱెలను ఎత్తుకొనిపోవు దొంగలున్నారు. చేను మనది, ఎరువు మనకు, కావలి మాత్రము వాడొక్కడే. చెన్నై–తిరుపతి రహదారి దాటించునపుడు ప్రాణము అఱచేత పెట్టుకొని దాటింపవలెను. వాని కొడుకు శ్రీసిటీకో ఒరగడమునకో కంపెనీ బస్సెక్కి పోవుచున్నాడనిన ఆశ్చర్యమేమి? నెలకు జీతము, తల మీద నీడ. వానికి గొంగళి ఏల?

మఱియొక సంగతి మన సంఘమునకు ప్రత్యేకముగా తగులునది. పటాస్కరుగారి నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడిపోయి మద్రాసు రాష్ట్రమున కలిసినది. నాటినుండి మనము తెలుగు బడి కొఱకు, తెలుగు పంతులు కొఱకు, 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చినప్పటినుండి మన పిల్లల పరీక్షల కొఱకు వినతులు వ్రాయుచునే యున్నాము. వ్రాయవలసినదే, ఇకమీదటను వ్రాయుదుము. కాని నగరి, పుత్తూరు వైపులనుండి దిగి వచ్చి మన చేలలో మంద కట్టిన కాపరులలో పెక్కుమంది తెలుగు మాటలాడు గొల్లలు, కురుబలు. రాష్ట్రపు హద్దు పడిన తరువాతను వారు వచ్చుచునే యుండిరని మన పెద్దలు చెప్పుదురు. వారిని రానీయకుండ చేసినది ఆ హద్దు కాదు, మన ముళ్ళతీగ. దొడ్డి, తడిక, పెంటిక, జోడిపి, పొట్టేలు అను మాటలు మన మనుమల నోట పలుకకున్న అది బడిలో పంతులు లేనందువలన మాత్రమే కాదు. సమావేశములో తెలుగు తల్లికి దండవేసి, వెలుపల తెలుగు కాపరిని "ఓరి, గొఱ్ఱెలను అటు తోలు" అని కసరుకొనుట మాకు వింతగా తోచుచున్నది.

ఎదురు వాదములు రెండు గలవు. ఒకటి, పెంటికలతో సీమతుమ్మ విత్తనములు వచ్చి చేనంతయు కంప మొలచునని. ఇది అబద్ధము కాదు. ఆ కాయలు తిన్న గొఱ్ఱె కడుపులో గింజ చావక బయటపడును. కాని పైపైన దున్నిన తరువాత మొలచిన మొక్కను చిన్ననాడే పెఱికివేయుట రెండు మనుషుల పని. గట్టు మీద పెద్ద తుమ్మచెట్టును పెంచుకొని, దాని కాయ తిన్న గొఱ్ఱెను తప్పు పట్టుట ఏమి న్యాయము? రెండవ వాదము, మేక అడవిని నాశనము చేయునని. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు మొదట రాష్ట్రమునందలి అడవులన్నిట పశువులను మేపుట నిషేధించి, అదే మాసమున ఆ నిషేధమును జాతీయోద్యానములకును, అభయారణ్యములకును, పులుల సంరక్షణ ప్రాంతములకును పరిమితము చేసినది. అడవిని కాపాడవలసినదే. అయితే చేనినుండి, బీటినుండి, పోరంబోకునుండి తఱిమివేయబడిన పశువు అడవి దారి పట్టక ఎచ్చటికి పోవును? కోసిన చేనిలో దానికి చోటిచ్చినవాడు అడవికి కూడ మేలు చేసినవాడే.

ప్రభుత్వమువారి తీరు కూడ చెప్పవలెను. 2023 జూనులో కేంద్ర మంత్రివర్గము సేంద్రియ ఎరువులకు టన్నుకు 1,500 రూపాయల సహాయమును ఆమోదించినది. మంచిదే. అయితే అది గోబర్ ధన్ పథకము క్రింద ఏర్పడిన గ్యాసు కర్మాగారములనుండి వెలువడు ఎరువునకు మాత్రమే. యంత్రములో పులిసి, సంచిలో పడి, ముద్ర వేసికొనిన ఎరువునకు సహాయము గలదు. చేనిలో తానుగా పడిన ఎరువునకు లేదు. మంద కట్టించిన రైతునకు ఒక్క పైసా లేదు, కట్టిన కాపరికి లేదు. రసీదు లేని ఎరువు ఎరువు కాదని కాబోలు వారి మతము. రాత్రికి ఇన్ని తలలు, ఇన్ని రాత్రులు అని గ్రామాధికారి వ్రాసి యిచ్చిన చీటి చాలదా? మన సంఘ వినతులలో ఈ సంవత్సరము ఇది కూడ ఒకటి కావలెనని మా పట్టు.

ఈ మధ్య ఇంకొక వింత. మేకల ఎరువును జల్లించి, ప్లాస్టిక్ సంచులలో నింపి, చెన్నై మేడల మీది పూలకుండీలకు కిలో లెక్కన అమ్ముచున్నారు. కొనువారిని మేమేమియు అనము. అమ్మువారు మావంటి వర్తకులే. ఆరు కుండీల గులాబులు పెంచు ఉద్యోగి పెంటిక విలువ నెఱిగి వెల యిచ్చుచున్నాడు. ఆఱెకరముల ఆసామి ఎఱుగలేదు. పెద్దమనిషిగారి గీత పైకి పోవుచున్నదన్న మాటకు ఇంతకంటె వేఱు జవాబు మా కడ లేదు.

కావున మేము చేయదలచినది చెప్పెదము. సంఘ కార్యాలయమున ఒక దస్తరము తెఱచితిమి. ఈ సంక్రాంతి కోతల తరువాత ఏ సభ్యుడు ఎన్ని ఎకరములు, ఎన్నాళ్ళు బీడుగా విడువగలడో అందు వ్రాయవలెను. ఒక్క రైతు పిలిచిన కాపరి రాడు. నాలుగు రాత్రుల కొఱకు ఇరువది మైళ్ళు నడచుట వానికి గిట్టదు. ప్రక్కప్రక్క చేలు కలిసి నలుబది, ఏబది ఎకరములైన ఒక మందకు రెండు మాసముల పని దొరకును. కూలి తలకింత, రాత్రికింత అని ముందుగా కాగితము మీద వ్రాసి ఇరుప్రక్కల సంతకములు చేయవలెను. సగము సొమ్ము ముందుగా ఇయ్యవలెను. మందకు నీటి తొట్టి రైతుది. రాత్రి కావలికి ప్రతి వీధినుండి ఇద్దఱు వంతులవారీగా పోవలెను. గొఱ్ఱె పోయిన నష్టము కాపరి ఒక్కని నెత్తి మీద పడరాదు. ఇక మంద లేచిన రెండు దినములలో దున్నుట రైతు బాధ్యత. ఎండలో విడిచినచో నత్రజని గాలిలో కలిసిపోవును, పెట్టిన కూలి వ్యర్థము.

వాకిటి మేకల సంగతి వేఱు. వీధికొక గొయ్యి త్రవ్వి, ఊడ్చిన పెంటికలను అందు వేసి, పైన మట్టి కప్పుచుండిన ఏడాదికి రెండు మార్లు ఎరువు దిగును. పైకప్పు లేక ఎండకు వానకు విడిచినచో అందు మిగులునది చెత్తయే. మేకలు పెంచు స్త్రీలకు గంపకింత యని సొమ్ము ఇయ్యవలెను. ఊరకే ఎత్తుకొని పోరాదు. ఇందులకు బండి మేము ఇచ్చెదము.

తిరూరులోని వరి పరిశోధన కేంద్రమువారిని మంద కట్టిన చెక్కనుండియు కట్టని చెక్కనుండియు మట్టి తీయించి పరీక్ష చేయుడని కోరుచు ఉత్తరము వ్రాసితిమి. రెండు మూడేండ్ల ఫలితములు వచ్చిన పిమ్మట మన పెద్దమనిషిగారితో మరల కాఫీ వేళ మాటలాడుదుము; అప్పుడు మా చేతిలోను ఒక గీత యుండును, అది తూచి గీసినదై యుండును.

దస్తరము కార్యదర్శిగారి బల్ల మీద నున్నది. వచ్చు ఆదివారము ఉదయమునుండి సాయంకాలమువఱకు ఎవరైనను వచ్చి వ్రాయవచ్చును. మాకున్న మూడెకరముల పదునైదు సెంట్లు మొదటి వరుసలో వ్రాసితిమి. ముళ్ళతీగకు తూర్పువైపున తడికె పట్టునంత దారి విప్పించితిమి. రెండవ వరుస ఖాళీగా నున్నది.